ఐదు సీసాకి మూడు మూత

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ ఉదయం ఐదు అని రాసి ఉన్న సీసాకి మూడు అని రాసి ఉన్న మూత కనిపించింది.

అల్మారా తుడుస్తుంటే చూశాను. నిన్న ఈ దేశంలో సెయింట్ బ్రిజిడ్ పండుగ సెలవు. ల్యాబ్‌లో ఎవరూ లేరు. బల్లల మీద సన్నటి దుమ్ము. స్పేసర్ సీసాలు రెండూ నా బొటనవేలంత ఉంటాయి. రెండింటిలోనూ తెల్లటి గాజు పొడే. ఒకదాంట్లో పూసలు మూడు మైక్రాన్లు, ఇంకోదాంట్లో ఐదు. ఈ పూసలే రెండు గాజు పలకల్ని అంటుకుపోకుండా దూరంగా నిలబెడతాయి. కంటికి రెండూ ముగ్గుపిండిలాగే ఉంటాయి. అందుకే సీసా మీదా రాస్తాం, మూత మీదా రాస్తాం. రెండు చోట్లా నా చేతిరాతే.

పక్క సీసా తీసి చూశాను. మూడు సీసాకి ఐదు మూత.

స్టాండులో పెడితే పైనుంచి కనిపించేది మూత ఒక్కటే.

అక్టోబరులో మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న సాయికృష్ణ కోసం గాజు సెల్స్ చేసినప్పుడు మూత చూసి తీశానా, సీసా చూసి తీశానా? గుర్తు లేదు. నోట్‌బుక్ తెరిచి చూశాను. పన్నెండు సెల్స్, పన్నెండు మందం కొలతలు. 4.9, 5.0, 5.1, 4.9. అన్నీ ఉన్నాయి. కాబట్టి కంగారు పడాల్సింది ఏమీ లేదు.

మూతలు మార్చి దేనిది దానికి పెట్టేశాను.

ఫిబ్రవరి 5

నోట్‌బుక్‌లో పన్నెండు కొలతలూ ఉన్నాయి. మూతలు ఆ తర్వాత ఎప్పుడో మారి ఉంటాయి.

ఫిబ్రవరి 6, గురువారం

పొద్దున దమయంతి అక్క తన్వికి జడ వేయాలని తంటాలు పడుతోంది. స్కూల్లో ఏదో ఇండియా డే అట. ఆ పిల్ల జుట్టు మెడ దాటదు. నేను వంటింట్లో గోడకి ఆనుకుని టీ తాగుతున్నాను. వాళ్ళింట్లో నాకు అద్దెకిచ్చింది బాక్స్ రూమ్. మంచం వేశాక తలుపు సగమే తెరుచుకుంటుంది. అందుకని టీ ఎప్పుడూ వంటింట్లోనే.

"కదలకే! ఇంత జుట్టుకి ఒక్క మెలిక కూడా పడట్లేదు. పట్టుకుంటే జారిపోతోంది."

"మమ్మీ, స్టాప్! ఇట్స్ గ్రాండ్ ది వే ఇట్ ఈజ్."

"గ్రాండ్ అట గ్రాండ్! ఇక్కడ బాగున్న ప్రతిదీ గ్రాండే. ఏం మనూ, నువ్వు ఆ ల్యాబ్‌లో రోజంతా చేసేదేంటమ్మా అసలు? మా ఆయన్ని అడిగితే టీవీ తెరలు అంటారు."

టీవీ తెరలు కాదు. కానీ ఎవరైనా అడిగితే అవుననేసి తప్పించుకుంటాను. ఈసారి తన్వి జుట్టు కళ్ళ ముందే ఉంది కాబట్టి చెప్పగలిగాను.

"ఇదే అక్కా. లిక్విడ్ క్రిస్టల్స్‌లో కొన్నిటికి జడలా మెలి తిరగడం స్వభావం. మేం వాటిని రెండు గాజు పలకల మధ్య ఇరికిస్తాం. ఆ రెండు పలకల్నీ కలిపి సెల్ అంటాం. గాజు మీద పూసిన పూత వాటిని నిటారుగా నిలబడమంటుంది. సందు కాస్త వెడల్పుగా ఉంటే గోడల దగ్గరవి నిలబడతాయి, మధ్యలోవి మెలి తిరుగుతాయి. సందు ఒక్క మెలిక పొడవు కన్నా ఇరుకైతే మధ్యలోవి కూడా గోడ మాటే వింటాయి. మెలిక ఉండదు."

"చచ్చినట్టు వింటాయన్నమాట. అయ్యో పాపం!"

"దట్స్ జస్ట్ స్ట్రెయిట్ హెయిర్," అంది తన్వి. అక్క జడ వదిలేసి రెండు క్లిప్పులు పెట్టి పంపింది.

మా మిశ్రమానికి ఒక మెలిక నాలుగు మైక్రాన్లు. ఐదు మైక్రాన్ల సందులో మెలిక పడాలి, మైక్రోస్కోపులో వేలిముద్రల్లాంటి చారలు కనిపించాలి. మామూలు పూత పూసిన గాజులో కనిపించాయి కూడా. సాయికృష్ణ తయారుచేసిన కొత్త పూతతో నేను చేసిన పన్నెండు సెల్స్‌లో ఒక్క చార కూడా లేదు. పన్నెండూ నలుపు. ఐదు మైక్రాన్ల దాకా గోడ మాట చెల్లించే పూత దొరికిందని ల్యాబ్ అంతా సంబరపడింది. మా ప్రొఫెసర్ జెర్రీ కేక్ తెచ్చారు. అదే సాయికృష్ణ థీసిస్‌లో మూడో అధ్యాయం. ఈ నెల 28న థీసిస్ ఇవ్వాలి. ఇస్తే ఏప్రిల్‌లో అథ్లోన్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం.

మూడు మైక్రాన్ల సందులో అయితే మామూలు పూతకి కూడా నలుపే వస్తుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

అక్టోబరులో నిజానికి పదమూడు సెల్స్ చేశాను. పదమూడోది మూల చిట్లితే ద్రవం నింపకుండా పక్కన పెట్టాను. ఇవాళ ఆ డబ్బా వెతికాను. ఉంది.

ఒకసారి ద్రవం నింపాక మా పద్ధతిలో మందం కొలవలేం. ఖాళీగా ఉన్నప్పుడే కాంతి పంపి కొలవాలి. కాబట్టి కొలవడానికి మిగిలింది ఇదొక్కటే.

కొలిచే గది విక్టర్‌ది. బ్రెజిల్ ఆయన, యాభై దాటి ఉంటాయి, మిషన్లన్నీ చూసుకుంటాడు. గది తెరిచే ఉంది. తలుపు పక్కన రిజిస్టర్‌లో పేరు, తేదీ, సమయం రాసి సంతకం పెట్టాను. ఆయన టమాటా విత్తనాల కేటలాగ్ చూస్తూ, "హలో, క్వయెట్ వన్," అన్నాడు.

3.1.

తీసి మళ్ళీ పెట్టాను.

3.1.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఒక్క సెల్ బట్టి పన్నెండిటినీ అనుకోకూడదు. అది చిట్లిన సెల్. చిట్లినప్పుడు నొక్కుకుపోయి ఉండచ్చు.

గాజు పూసలు నొక్కుకుపోవు.

మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గరున్నప్పుడు అక్క వాళ్ళాయన రఘువీర్ గారు తన ప్లాంటు కబుర్లు చెప్పారు. ఆయన పనిచేసేది గుండెకి వేసే గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో.

"మొన్న మా దగ్గర ఒకణ్ణి పంపించేశారు. గంటగంటకీ ఓవెన్ టెంపరేచర్ చూసి రాయాలి. ఆ మహానుభావుడు షిఫ్ట్ ఆఖర్లో కూర్చుని ఎనిమిది గంటలవీ ఒక్కసారే రాసేశాడు. ఒకే పెన్ను, ఒకే వాలు. పెళ్ళి శుభలేఖలా ఉంది షీటు."

"ఓవెన్ పాడయిందా ఏంటి?" అంది దమయంతి అక్క.

"అదే కదా తమాషా. ఓవెన్ శుభ్రంగా ఉంది. టెంపరేచర్ కూడా సరిగ్గానే ఉంది."

"మరి పాపం ఎందుకు పంపడం? పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి!"

"సరిగ్గా ఉందని వాడికెలా తెలుసే?"

అక్క నా వైపు చూసి, "నువ్వు చెప్పు మనూ, అన్యాయం కాదూ?" అంది.

నేను పప్పు మళ్ళీ వడ్డించుకున్నాను. ఆకలి లేదు. కంచంలో వదిలేస్తే అక్క ఏమైనా అంటుందని మొత్తం తిన్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ జెర్రీకి చెప్పేద్దామని వెళ్ళాను.

డైరీలో జెర్రీ అని రాయడం సులువు. ఇక్కడ ప్రొఫెసర్లని కూడా పేరు పెట్టే పిలుస్తారు. పదహారు నెలల్లో ఒక్కసారి కూడా పిలవలేకపోయాను. గుమ్మం దగ్గరకి వెళ్ళి నిలబడతాను. తలెత్తి చూసేదాకా నిలబడతాను. కాన్వెంటులో సిస్టర్ల గది దగ్గర అలాగే నిలబడేవాళ్ళం. అక్కడ అది మర్యాద. ఇక్కడ ఆయన ఒక్కోసారి ఉలిక్కిపడతారు.

ఇవాళ గదిలో ఇద్దరు కొత్త ఎం.ఎస్. విద్యార్థులున్నారు. ఆయన చేతిలో నా నోట్‌బుక్.

"ఇదిగో తనే," అన్నారు. "చూడండి, ల్యాబ్‌బుక్ అంటే ఇలా ఉండాలి. తేదీ, నమూనా, మందం, ఎవరు చేశారు. ఒక్క కొట్టివేత లేదు."

అక్టోబరు పేజీ తెరిచి పట్టుకున్నారు. సిస్టర్ లియోనీ నాలుగు గీతల పుస్తకంలో మూడేళ్ళు దిద్దించిన చేతిరాత. నిలువు వరసలో పన్నెండు అంకెలు, చుక్క కింద చుక్క. ఒకమ్మాయి ఫోన్ తీసి ఆ పేజీ ఫోటో తీసుకుంది.

"ఏమైనా పని మీద వచ్చావా?" అని అడిగారు.

"లేదు. మళ్ళీ వస్తాను."

"యు ఆర్ గ్రాండ్, ఏం పర్లేదు. ఎప్పుడైనా రా."

ఫిబ్రవరి 12

వెళ్ళలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

సాయికృష్ణది హనుమకొండ. నేను వచ్చిన మొదటివారం గాజు ఎలా కడగాలో, పూత ఎలా పూయాలో, మఖ్మల్ గుడ్డతో ఏ వైపుకి రుద్దాలో నాకు నేర్పింది తనే. వారం తిరిగేసరికి తన కన్నా నేను బాగా చేస్తున్నానని ఊరంతా చాటింపు వేశాడు. అప్పటినుంచీ అతని సెల్స్ నేనే చేస్తాను.

ఇవాళ లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"మేడమ్, జర ఇది చదువుండ్రి."

కృతజ్ఞతల పేజీ. జెర్రీ తర్వాత, అమ్మానాన్నల కన్నా ముందు, ఒక వాక్యం: ఈ థీసిస్‌లోని ప్రతి సెల్‌నూ తన చేతులతో చేసిన మనస్వినికి.

"సాయికృష్ణ గారూ, ఇది వద్దండీ."

"మళ్ల గారు! నువ్వు గారు అన్నప్పుడల్లా నాకు ఇంకో పది ఎంట్రుకలు తెల్లబడ్తున్నయ్. ఎందుకు వద్దు?"

"మీ పని కదా ఇది."

"పని నాదే గని చేతులు నీవి. నేను చేస్తే పదిట్ల ఆరు పల్గుతయ్. నీ పేరు పెట్టకపోతే రాత్రి గాజు పెంకులు కలలకొస్తయ్ నాకు."

"మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

అప్పుడే ఫోన్ వచ్చింది. అథ్లోన్ వాళ్ళు. వెంటనే కుర్చీలో నిటారుగా కూర్చుని, షర్టు సర్దుకుని, వేరే గొంతుతో మాట్లాడాడు. యెస్, ట్వెంటీ ఎయిత్. యెస్, డెఫినెట్లీ. పెట్టేశాక చేతులు రెండూ పైకెత్తాడు. "కాంట్రాక్టు పంపుతున్నరట! ఏదో చెప్తానంటివి?"

"ఏం లేదు. చేతులు అని కాకుండా ఇంకోలా రాయండి."

"ఏమని రాయాలె, కాళ్లు అని రాయాల్నా?"

నవ్వాను కూడా.

ఫిబ్రవరి 16, ఆదివారం

మేముండే టాలట్ నుంచి లువాస్ ట్రామ్‌లో సిటీకి వెళ్ళాను. ల్యాబ్‌కి కాదు. ఊరికే. స్మిత్‌ఫీల్డ్‌లో దిగి నడుస్తుంటే వాన పట్టుకుంది. ఒక చర్చి తెరిచి ఉంటే లోపలికి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను.

కాన్వెంటులో శుక్రవారం మూడో పీరియడ్‌లో క్రైస్తవ పిల్లల్ని ఫాదర్ దగ్గర తప్పులు చెప్పుకునే ఒప్పుకోలుకి తీసుకెళ్ళేవాళ్ళు. మిగతావాళ్ళం బయట వరండాలో నీతి పాఠాల పుస్తకం చదువుకోవాలి. లోపల చెక్క పెట్టె లాంటి గది. మా రోజ్‌మేరీ మోకాళ్ళు తుడుచుకుంటూ రెండు నిమిషాల్లో బయటికి వచ్చేది. వచ్చి నా పెన్సిల్ లాక్కునేది. అంతే, అయిపోయేది దానికి. నేను వరండాలో కూర్చుని, నాకు అవకాశం ఇస్తే ఏం చెప్పాలో మనసులో వరసగా పెట్టుకునేదాన్ని. అప్పట్లో చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఇక్కడా ఆ పెట్టె ఉంది. దాని మీద శనివారం సమయాలు రాసి ఉన్నాయి. ఇవాళ ఆదివారం. శనివారమైనా నన్ను రానివ్వరు.

మూతలు మారాయని చెప్తే చాలు. మూతలు మారడం ఎవరికైనా జరిగే పొరపాటు.

ఫిబ్రవరి 18, మంగళవారం

చెప్పాను.

సాయికృష్ణ కాంటీన్ నుంచి రెండు కాఫీలు పట్టుకొచ్చాడు. నేను రెండు సీసాలూ, చిట్లిన సెల్లూ, 3.1 ఉన్న ప్రింటూ బల్ల మీద వరసగా పెట్టాను. మూతల సంగతి చెప్పాను. నోటితో చెప్పింది నాలుగు వాక్యాలు. వాటిని పొద్దున లువాస్‌లో కూర్చుని పాఠంలా అప్పజెప్పుకుంటూ వచ్చాను.

మొదట నవ్వాడు. "ఊకో. పండుగ పూట గిట్ల పరాచికాలా?"

"ఇవాళ పండుగ కాదు."

"అది నాకు ఎర్కే." ప్రింటు తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "మూడా?"

"మూడు."

"పన్నెండూ?"

"ఒకే రోజు, ఒకే సీసాలోంచి చేశాను."

"అంటే నా పూత ఏం చేయలే. మూడుల ఎవని పూతకైనా నలుపే." కాఫీ మూత తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. "ఏడాదిన్నర ఆ పూత వండిన నేను. వాసనకి మా రూమ్మేట్ ఖాళీ చేసి పోయిండు."

అనాల్సిన మాట ఉంది. పొద్దున అప్పజెప్పుకున్న నాలుగు వాక్యాల్లో అది లేదు.

"ఆగు ఆగు," అన్నాడు. "మరి నీ బుక్కుల నాలుగు పాయింట్ తొమ్మిది, ఐదు, గవి ఎట్ల వచ్చినయ్? కొలిచినవ్ కదా."

నేను అతని కాఫీ మూత వైపు చూస్తున్నాను.

"అంటే మిషను తప్పు చూపెట్టిందన్నట్టు. అక్టోబర్ల మిషను ఖరాబైంది. అంతేగా? మూతలు మారంగనే దొరకాల్సింది, మిషను తప్పు చూపెట్టేసరికి దొరకలే. రెండు తప్పులు ఒక్కసారే పడ్డయ్. నా నసీబ్ చూడు!"

నేను తల ఊపలేదు. ఊపలేదనే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

జెర్రీ గదిలో నలుగురం. ఆయన, సాయికృష్ణ, నేను, తర్వాత పిలిస్తే వచ్చిన విక్టర్.

జెర్రీకి కోపం రాలేదు. వస్తుందని రాత్రంతా సిద్ధపడ్డాను. ఆయన ప్రింటు చూసి, కళ్ళద్దాలు తీసి, మొహం రుద్దుకుని, "సరే," అన్నారు. మూడో అధ్యాయం తీసేయాలి. పత్రికకి పంపిన వ్యాసం వెనక్కి తీసుకోవాలి. నిజమైన ఐదు మైక్రాన్లతో మళ్ళీ చేయాలి. నాలుగు నెలలు, బహుశా ఐదు.

తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చేసింది చాలామంది చేయలేరు. ఎవరూ అడగకుండానే వచ్చి చెప్పావు. థాంక్యూ," అన్నారు.

విక్టర్ తలుపు పక్కనే నిలబడి విన్నాడు.

"నా మిషను రెండు మైక్రాన్లు తప్పు చూపించదు. ప్రతి సోమవారం మందం తెలిసిన గాజు పెట్టి సరిచూస్తాను."

"నిన్ను ఎవరూ తప్పు పట్టడం లేదు విక్టర్."

"ఎవరూ తప్పు పట్టనప్పుడు గదిలోకి పిలిచి తలుపు వేయరు."

తలుపు వేసింది నేను. చివర వచ్చిన విక్టర్ వేయకపోతే నేనే లేచి వెళ్ళి వేశాను.

జెర్రీ నోట్‌బుక్ తిప్పి చూపించారు. "అక్టోబరు పదిహేడు. పన్నెండు రీడింగులు, అన్నీ ఐదు దగ్గరే. సెల్ చూస్తే మూడు. ఎక్కడో తేడా ఉందిగా."

విక్టర్ ఆ పేజీ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. కోపంగా కాదు. అర్థంకాని లెక్క వైపు చూసినట్టు చూశాడు.

"రేపటి నుంచి నాకు రెండు రోజులు సెలవు," అన్నాడు. "సోమవారం నా రిజిస్టర్లు తెస్తాను. సరిచూసినవీ, గది వాడినవాళ్ళవీ. తేదీల వారీగా చూద్దాం."

"గుడ్ మ్యాన్," అన్నారు జెర్రీ. "మనస్విని, నువ్వేమైనా చెప్పాలా?"

"లేదు."

ఫిబ్రవరి 20

పొద్దున విక్టర్ తాళాలు అప్పజెప్పడానికి వచ్చి లిఫ్ట్ దగ్గర కనిపించాడు. టమాటా మొలకలు వచ్చాయని చెప్పాడు. ఒకటి నాకు ఇస్తాడట.

ఫిబ్రవరి 21, శుక్రవారం

అథ్లోన్ వాళ్ళు ఆగరట. ఏప్రిల్‌కి మనిషి కావాలి, జులైకి కాదు. జులైలో ఖాళీ ఉంటే మళ్ళీ పెట్టుకోమన్నారు.

సాయికృష్ణ ఈ సంగతి నాకు నిలబడే చెప్పాడు. బ్యాగు భుజం మీదే ఉంది. నేను ఏడుస్తానని భయపడ్డట్టున్నాడు, ముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏయ్, ఏడ్వకు. నువ్వు ఏడిస్తే నేను ఏడ్వాల్సి వస్తది, మంచిగుండదు. పిల్లలు చూస్తున్నరు."

"నా వల్లే."

"మూత వల్ల. మూత మీద కేసు పెడ్దాం. జూడు, నువ్వు చెప్పకపోతే ఏమైతుండె? వైవాల ఎవడో ఒకడు అడుగుతుండె. లేకుంటే ఇంకో రెండేండ్లకి ఎవడో చేసి చూసి, వీడు దొంగలెక్కలు రాసిండు అంటుండె. అప్పుడు నా పేరు పోతుండె. ఇప్పుడు ఉద్యోగమే పోయింది. నువ్వు నన్ను కాపాడినవ్."

"అలా అనకండి."

"అంట. మా అమ్మకి గూడ చెప్పిన, గిసొంటి పిల్ల ఉన్నదని. దేవత అన్నది. నేను అన్న, దేవత కాదే, కాన్వెంట్ పిల్ల అని."

లువాస్ స్టాపు దాకా నాతో వచ్చాడు. కృతజ్ఞతల పేజీలో ఆ వాక్యం తీయనని చెప్పాడు. ఇప్పుడు ఇంకో ముక్క కూడా కలుపుతాడట. ఏమని కలుపుతాడో అడగలేదు.

ఫిబ్రవరి 22

దొంగలెక్కలు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున జెర్రీ మెయిల్ పంపారు. సోమవారం పదింటికి కలుద్దాం. మిషన్ల సంగతి తేలేదాకా అక్టోబరు నుంచి ఆ గదిలో తీసిన కొలతలన్నీ, మిగతా ల్యాబ్‌ల వాళ్ళవి కూడా, అనుమానంలో ఉన్నట్టే. శాఖాధిపతికి కూడా తెలియజేయాల్సి వచ్చిందని రాశారు. విక్టర్ కాంట్రాక్టు మార్చితో అయిపోతుందని సాయికృష్ణ అంతకుముందే చెప్పాడు.

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని జవాబు మొదలుపెట్టాను. 'డియర్' అని రాశాను. ఆ తర్వాత జెర్రీ అని రాయాలి. ప్రొఫెసర్ అని రాస్తే నవ్వుతారు. అక్కడే చాలాసేపు ఉండిపోయాను. కింద తన్వి కార్టూన్లు చూస్తోంది. దమయంతి అక్క కుక్కర్ విజిల్ లెక్కపెట్టమని ఎవరికో చెబుతోంది. ఎవరూ లెక్కపెట్టడం లేదని అరుస్తోంది.

'డియర్' చెరిపేశాను.

తర్వాత సాయికృష్ణకి ఫోన్ చేద్దామనుకున్నాను. రెండు రింగులకే పెట్టేశాను. అతను వెంటనే తిరిగి చేశాడు. తీయలేదు. 'ఏమైంది మేడమ్, రేపటి మీటింగ్ టెన్షనా? నువ్వెందుకు టెన్షన్ పడ్తవ్, టెన్షన్ విక్టర్‌ది,' అని మెసేజ్ పెట్టాడు. నవ్వుతున్న బొమ్మ ఒకటి.

అన్నం వేళకి అక్క పైకి వచ్చి తలుపు తోసింది. తలుపు మంచానికి కొట్టుకుని సగంలో ఆగిపోయింది. ఆ సందులోంచే నా మొహం చూసి, "జ్వరమా?" అంది.

"కాదక్కా."

"చెప్పవే పిల్లా. నోట్లోంచి మాట రావాలంటే నీకు ముహూర్తం పెట్టాలి."

"రేపు మీటింగ్ ఉంది."

"అంతేనా!" అని కిందికి వెళ్ళిపోయింది. చారు మాత్రం పైకి పంపింది. తన్వి రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా, ఒక్కో మెట్టూ ఎక్కి తెచ్చింది.

రేపు పదింటికి విక్టర్ తన రిజిస్టర్ తీస్తాడు. అక్టోబరు పేజీలు తిప్పుతాడు. మిషను ఆ వారం సరిగ్గానే ఉందని ముందు చూపిస్తాడు. తర్వాత పదిహేడో తేదీ, గురువారం. గది వాడినవాళ్ళ పేర్లు. అందులో నా పేరు వెతుకుతారు. జెర్రీ వేలు పెట్టి పైనుంచి కిందికి వెతుకుతారు. సాయికృష్ణ నా పక్క కుర్చీలోనే ఉంటాడు.

మూతలు మారిన మాట నిజం. ఇన్ని రోజులూ ఇందులో రాసినవన్నీ నిజమే. మళ్ళీ మొదటినుంచీ చదివి చూసుకున్నాను. ఒక్క అబద్ధం కూడా రాయలేదు.

ఆ గురువారం కొలిచే గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి విక్టర్ దగ్గర ఉంది. ఆయన ఎదురుగదిలో శాండ్‌విచ్ తింటూ పేపర్ చదువుకుంటున్నాడు. సాయికృష్ణ ద్రవం వేడిచేసి పెట్టుకుని సెల్స్ కోసం చూస్తున్నాడు. నేను విక్టర్ గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు. వెనక్కి వచ్చి నా బల్ల దగ్గర కూర్చుని పన్నెండు అంకెలూ రాశాను.